ఇంటిల్లిపాదికీ ఖర్జూర పాకం: కొనుగోలు, తయారీ, ప్రచారం

పంచదార మానేయాలని నిర్ణయించుకున్నారు. సంతోషం. తీపి మానేయాలని మాత్రం నిర్ణయించుకోలేదు. అలాంటివారికోసమే ఈ సలహాలు. ఇందులో చెప్పినట్టు తు.చ. తప్పకుండా చేస్తే, ఒక పూట గ్యాసు, ఒక మిక్సీ జారు, ఆరేడు వందల రూపాయలు ఖర్చుపెట్టి, కిరాణా కొట్లో కిలో యాభైకి అటూఇటూగా దొరికే సరుకుకు చాలా దగ్గరి చుట్టాన్ని మీ వంటింట్లోనే తయారుచేసుకోవచ్చు. రంగు మాత్రం వేరుగా ఉంటుంది. మన ధీమా అంతా ఆ రంగు మీదే.

మొదటి పని వండడం కాదు, ప్రకటించడం. పంచదార డబ్బా ఖాళీ చేసి, కడిగి, బోర్లించి, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. కింద ‘తెల్ల విషానికి సెలవు’ అని రాయండి. డబ్బాలో మిగిలిన రెండు కిలోలు పనిమనిషికి ఇచ్చేయండి. విషమని చెప్పి మరీ ఇవ్వనక్కర్లేదు. ఆవిడ ఆరోగ్యం సంగతి ఆ కాసేపు గుర్తుకు రాకుండా చూసుకుంటే చాలు.

తర్వాత బజారుకు వెళ్లండి.

ఏ ఖర్జూరం కొనాలి?

అన్నిటికంటే ఖరీదైనది. మెజూల్ రకం చూడండి. ఒక్కో పండు 24 గ్రాముల దాకా తూగుతుంది, కండ పట్టి ఉంటుంది, అలాగే నోట్లో వేసుకుని నిదానంగా నములుతూ తినడానికి పుట్టిన పండు. అందుకని దాన్నే ఉడకబెట్టాలి. ఈ పండు వెనక కాస్త కథ కూడా ఉంది. మొరాకోలో బయూద్ అనే తెగులు ఖర్జూర తోటల్ని నిలువునా ఎండగడుతున్న రోజుల్లో, 1927లో, వాల్టర్ స్వింగిల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త అక్కడి బూదెనిబ్ ఒయాసిస్సు నుంచి 11 పిలకలు తీసుకెళ్లాడు. వాటితోపాటు తెగులు కూడా వచ్చిందేమోనని వాటిని నెవాడాలో ఎవరి తోటలకూ దగ్గరగా లేనిచోట నాటి, ఏళ్ల తరబడి కాపలా కాశారు. 9 బతికాయి. అమెరికాలో ఆ తర్వాత పెరిగిన మెజూల్ తోటలకు మూలం ఆ తొమ్మిదే. ఎడారి దాటి, సముద్రం దాటి, క్వారంటైన్ దాటి బతికి బట్టకట్టిన వంశం అది. దాన్ని మీరు ఇప్పుడు పాత గుడ్డలో వేసి పిండబోతున్నారు.

మెజూల్ మరీ భారమనిపిస్తే కిమియా ఉంది. ఇరాన్‌లో బామ్ పట్టణం చుట్టుపక్కల పండే మజాఫతి రకాన్ని మనవాళ్లు పెట్టె మీది పేరుతో అలా పిలవడం అలవాటు చేసుకున్నారు. నల్లగా, మెత్తగా, చేతికంటుకుంటూ ఉంటుంది. రంజాన్ నెల వస్తే హైదరాబాద్‌లో వీధి వీధినా ఈ పెట్టెల గుట్టలే. ఇందులో తేమ ఎక్కువ, కాబట్టి చల్లగా ఉంచాలి. తెలిసిన వ్యాపారి ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తాడు, ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టమని చెబుతాడు కూడా. మీరు ఆ మాట విననట్టు ఊరుకుని, స్టవ్ పక్కన అరలో పెట్టండి. ఏప్రిల్ ఎండల్లో అయితే కొద్దిరోజుల్లోనే పుల్లవాసన మొదలవుతుంది. పులిసినవి ఒంటికి మంచివని ఎప్పుడో విన్న మాట సరిగ్గా అప్పుడే అక్కరకొస్తుంది.

పెట్టె వెనకవైపు చదవకండి. కొన్నిటి మీద చిన్న అక్షరాల్లో ‘ఖర్జూరం, గ్లూకోజ్ సిరప్’ అని ఉంటుంది. పండు నిగనిగలాడటానికి పూసే పూత అది. పంచదార మానేయడానికి కొంటున్న పండుకు ముందే చక్కెర పాకం పూసి ఉందని తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోవడం ఉత్తమం.

వానాకాలం మొదట్లో తోపుడు బండ్ల మీద పసుప్పచ్చని పచ్చి ఖర్జూరాలు గుత్తులుగా వేలాడుతూ కనిపిస్తాయి. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో వీటిని ఖారెక్ అంటారు. కొరికితే కరకరమంటాయి, తీపితోపాటు నాలుకకు కాస్త వగరు తగులుతుంది. తాజాగా, పచ్చిగా తినాల్సిన దశ అది. పాకానికి కావలసిన మెత్తటి గుజ్జు ఇంకా వాటిలో తయారై ఉండదు. ‘తాజా’ అన్న మాట ఉంది కాబట్టి మొదటి ప్రయత్నం వీటితో చేయండి.

ఎండు ఖర్జూరం జోలికి మాత్రం వెళ్లొద్దు. చవక. రాత్రి నీళ్లలో వేస్తే తెల్లారేసరికి మెత్తబడుతుంది. పైగా మన అమ్మమ్మలు దాన్ని పాలల్లో నానబెట్టి రుబ్బి పిల్లలకు పెట్టేవారు. చవగ్గా దొరికేదాన్ని, అమ్మమ్మలకు తెలిసినదాన్ని కొత్తగా కనిపెట్టినట్టు చెప్పుకోవడం కష్టం.

గింజ తీయడం, పురుగు చూడకపోవడం

పండును నిలువునా చీల్చి, లోపల చూసి, అప్పుడు గింజ తీయమంటారు పెద్దవాళ్లు. గింజ చుట్టూ కొంచెం ఖాళీ ఉంటుంది. పురుగు చేరితే అక్కడే చేరుతుంది, పైతోలు మాత్రం నున్నగానే కనిపిస్తుంది. చీలిస్తే కనబడుతుంది. కనబడితే పారేయాలి. పారేస్తే, కిలో వెయ్యి రూపాయల సరుకులో నష్టం. అందుకని ఒక కొసను నొక్కి, రెండో కొసలోంచి గింజను టపుక్కున బయటికి తీసే పద్ధతి నేర్చుకోండి. లోపలేముందో దేవుడికే తెలియాలి. శాకాహారులు ఈ విషయం గురించి ఎక్కువగా ఆలోచించకపోవడమే మంచిది.

ఒకటి రెండు గింజలు పొరపాటున ఉండిపోయినా కంగారుపడకండి. మిక్సీ చెబుతుంది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు కూడా వస్తారు. వస్తే ప్రచారానికి పనికొస్తుంది.

ఇక ఉడికించడం. అరకిలో ఖర్జూరానికి లీటరున్నర నీళ్లు పోసి, మెత్తబడి విడిపోయేదాకా సన్నటి మంట మీద ఉంచండి. దించగానే, పొగలు కక్కుతుండగానే, మిక్సీ జారులో అంచుదాకా నింపి మూత బిగించి ఒక్కసారిగా తిప్పండి. చల్లారనివ్వాలని, సగానికి మించి పోయకూడదని మిక్సీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరు తెరిచారు గనక? లోపలి ఆవిరికి దారి దొరకదు, మూత లేస్తుంది, వేడి గుజ్జు చేతి మీదా గోడ మీదా పడుతుంది. గోడకు పట్టిన ఖర్జూరం ఆరాక కత్తితో గీకితే వస్తుంది. చెయ్యి సంగతి డాక్టరు చూస్తాడు.

వడకట్టే ఘట్టం

ఈ మొత్తం విద్యకు ప్రాణం ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

నూలు గుడ్డ తీసుకోండి. పాత పంచె ముక్క అయితే మరీ మంచిది. గుజ్జంతా అందులో పోసి, మూటకట్టి, బలమంతా ఉపయోగించి పిండండి. కిందికి దిగేది రసం. గుడ్డలో మిగిలేది పిప్పి. వంద గ్రాముల ఖర్జూరంలో ఆరేడు గ్రాముల పీచు ఉంటుంది, అదీ ఈ పిప్పిలోనే. పండు తిన్నప్పుడు తీపి ఒక్కసారిగా రక్తంలోకి దూకకుండా కాస్త ఆపేదీ, రెండు పండ్లు తినగానే ఇక చాలనిపించేదీ, పొద్దున్నే కడుపు సాఫీగా ఉంచేదీ చాలామటుకు అదే. ఖర్జూరానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా ఏదైనా ఉంటే దానిలో పెద్ద వాటా ఈ పిప్పిది. కాబట్టి దాన్ని పోగు మిగలకుండా దులిపి చెత్తబుట్టలో వేయండి. సాయంత్రం మెడికల్ షాపుకెళ్లి ఇసబ్గోల్ డబ్బా తెచ్చుకోవచ్చు.

గిన్నెలో ఇప్పుడున్నదేమిటి? గ్లూకోజు, ఫ్రక్టోజు, వాటిని కరిగించుకున్న నీళ్లు, కొంత పొటాషియం, కొంచెం రంగు, మంచి వాసన. పంచదార కూడా పేగుల్లోకి చేరాక ఈ గ్లూకోజు, ఫ్రక్టోజులుగానే విడిపోతుంది. మెత్తటి ఖర్జూర రకాలు ఆ పనిని చెట్టు మీదే చేసుకుంటాయి. పండేకొద్దీ వాటిలోని ఇన్వర్టేజ్ అనే ఎంజైము సుక్రోజును విడగొడుతూ పోతుంది. అంటే మీ గిన్నెలో ఉన్నది, కడుపు చేయాల్సిన పని ముందే చేసిపెట్టుకున్న పంచదార. దాన్ని ఇంత శ్రమపడి తీశారు, అభినందనలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. తగ్గించుకోవాల్సిన వాటి జాబితాలో పంచదార ఒక్కటే లేదు. తేనె, సిరప్పులు, పండ్లరసాలు, వాటిని మరిగించి చిక్కబరచినవీ ఉన్నాయి. పండును పండుగా తింటే మాత్రం ఆ లెక్కలోకి రాదు. రోజు మొత్తం తిండిలో వచ్చే శక్తిలో పదో వంతు లోపు, వీలైతే 5 శాతం లోపు ఉంచుకోమన్నారు. ఆ 5 శాతం పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు. ఒక టేబుల్ స్పూను ఖర్జూర పాకం 20 గ్రాములు తూగితే, అందులో తీపి 13, 14 గ్రాములు ఉంటుంది. రెండు స్పూన్లతో ఆ రోజు కోటా ముగిసినట్టే. పొద్దున బజారులో ఉన్నప్పుడు ఏ లెక్కలోకీ రాని పండును, మధ్యాహ్నానికల్లా లెక్కలోకి లాక్కొచ్చారు. ఇది అందరివల్లా అయ్యే పని కాదు.

కొందరు బద్ధకస్తులు ఉంటారు. వాళ్లు గింజ తీసి, చీల్చి చూసుకున్న పండ్లను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, అవే నీళ్లతో, ఏదీ వడకట్టకుండా, మెత్తగా రుబ్బుకుంటారు. ఆ ముద్దను శుభ్రమైన పొడి సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, రెండు వారాల్లోపు వాడేస్తారు. గ్యాసు ఖర్చు లేదు, పీచు ఎక్కడికీ పోదు. పైగా దాన్ని కూడా తీపి కిందే లెక్కేసుకుని కొలిచి వాడతారు. వాళ్లతో స్నేహం మన లక్ష్యానికి చేటు.

పాకం పాత సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎవరైనా ‘ఇది ప్రాచీన ఆహారం తెలుసా’ అంటే పనికొస్తుంది. నిజంగానే ప్రాచీనం. ఇరాక్‌లో దీన్ని దిబ్స్ అంటారు. గల్ఫ్ తీరంలో పూర్వం నిప్పు కూడా పెట్టకుండా తీసేవారు. నేల మీద కాలువలు తీసిన ఒక చిన్న గది. అందులో ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేసేవారు. పై బస్తాల బరువుకూ ఆ ఎండల వేడికీ కింది బస్తాల్లోంచి పాకం ఊరి, కాలువల వెంట జారి, గుంటలో పెట్టిన జాడీలోకి దిగేది. ఆ గదిని మద్బసా అంటారు. బహ్రెయిన్ కోట తవ్వకాల్లోనూ, ఖతార్‌లోని అల్ జుబారా శిథిలాల్లోనూ అలాంటి గదులు బయటపడ్డాయి. మొదటిది 2005లో, రెండోది 2013లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. జగిత్యాల నుంచో రాజంపేట నుంచో కోనసీమ నుంచో అక్కడికి బతకడానికి వెళ్లినవాళ్లు మీ చుట్టాల్లో ఉంటే, ఈసారి సెలవురోజున చూసి రమ్మనండి. పద్ధతి మాత్రం మనకు పనికిరాదు. దానికి ఓపిక కావాలి. పైగా ఇరాకీలు దిబ్స్‌ను రాషి అనే నువ్వుల ముద్దలో కలుపుకుని, రొట్టె ముంచుకుని తింటారు. పంచదారకు బదులని కాదు, దిబ్స్ మీద ఇష్టంతో తింటారు. ఆ ఇష్టంలో త్యాగం చేసిన తృప్తి ఏముంటుంది?

ఎప్పుడు దించాలి, ఎక్కడ పెట్టాలి

వడకట్టిన రసాన్ని మళ్లీ స్టవ్ మీద పెట్టి మరిగించండి. పాకం ముదరకముందే దించండి. లేతపాకం, తీగపాకం, ఉండపాకం చూడ్డం తెలిసిన మీ అమ్మను ఈ పూట వంటింట్లోకి రానివ్వకండి. ఆమె ఉంటే ‘ఇంకా నీళ్లోడుతోందే’ అంటుంది, ఇంకో అరగంట గరిటె తిప్పమంటుంది. మంచి దిబ్స్‌లో మూడింట రెండు వంతులకు పైగా తీపి పదార్థమే ఉంటుంది. నీరు అంత తక్కువగా ఉంటే ఈస్టు బతకలేదు, కాబట్టి అది నెలల తరబడి నిలవుంటుంది. మీరు పలచగా ఉండగానే దించితే సీసా నిండుగా కనిపిస్తుంది. ఫొటోకు బాగుంటుంది.

సీసా కడిగి, తుడవకుండా, తడిగానే నింపండి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టబోతే ఇల్లెగిరేలా కేకలేసే అత్తగారు ఈ సీసా గురించి పట్టించుకోరు, ఇది ఆవిడ శాఖ కాదు. మూత గట్టిగా బిగించి, ఎండ పడే కిటికీలో, పక్కనే మనీప్లాంటు వచ్చేలా అమర్చండి. నాలుగైదు రోజుల్లో పైన నురగ కడుతుంది. మూత తిప్పితే టప్పుమని గాలి వస్తుంది. ఒక్కోసారి మూత తిప్పకముందే సీసా పగులుతుంది. పులిసిన ఖర్జూరం నుంచి అరక్ కాచడం ఇరాక్‌లో పాత విద్య. మీ కిటికీలో ఉన్నది ఆ ప్రయాణంలో మొదటి మజిలీ. నురగ వచ్చిందంటే పారబోయాలని తెలిసినవాళ్లు చెబుతారు. మీరు మాత్రం ఇంకోసారి మరగకాచి, సీసా మీద ‘ప్రోబయాటిక్’ అని చీటీ అంటించండి.

అమ్మకానికి పెట్టాలన్న ఆలోచన ఈ దశలోనే వస్తుంది. జనపనార తాడు, గోధుమరంగు కాగితం, ‘షుగర్ ఫ్రీ’ అన్న ముద్ర సిద్ధం చేసుకోండి. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలని చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లను గ్రూపులోంచి తీసేయండి.

ఎందులో వాడాలి?

అన్నిట్లోనూ. టీలో మొదలుపెట్టండి. పాకం కప్పు అడుగుకు దిగిపోతుంది, పైన టీ చప్పగా ఉంటుంది, ఇంకో చెంచా వేస్తారు. ఆఖరి గుక్కలో అంతా కలిసి వస్తుంది. ఈలోగా పులుపెక్కిన సీసాలోదే వేసి ఉంటే, పాలు విరిగి ముక్కలు తేలతాయి. అతిథులకు నిమ్మకాయ టీ అని చెప్పొచ్చు.

సున్నుండలు తర్వాత. మామూలుగా వేయించిన మినప్పిండి, పంచదార పొడి లేదా బెల్లం, నెయ్యి తప్ప నీటిచుక్క తగలదు కాబట్టి అవి డబ్బాలో వారాల తరబడి ఉంటాయి. మీరు పలచటి ఖర్జూర పాకం పోసి కలపండి. పిండి నీళ్లు పీల్చుకుని ముద్దవుతుంది, మూడోరోజుకు సున్నుండకు మీసాలొస్తాయి. అమెరికాలో ఉన్న అమ్మాయికి పార్సిల్ పంపడానికి ఇవే శ్రేష్ఠం. కస్టమ్స్ వాళ్లే పారేస్తారు, మీకు శ్రమ ఉండదు.

సంక్రాంతికి అరిసెలు. ఇక్కడ మీ పేరు ఊరంతా మోగుతుంది. తడిపిండికి బెల్లం పాకం పట్టడంలో గుట్టు ఏమిటంటే, బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజు, ముదిరిన పాకం చల్లారితే గట్టిపడి పిండిని పట్టి ఉంచుతుంది. ఖర్జూర పాకంలో ఉన్న గ్లూకోజు, ఫ్రక్టోజు అలా గట్టిపడవు. సరికదా గాలిలో తేమను పీల్చుకుని ఇంకా జిగటవుతాయి, వేడి తగిలితే బెల్లంకంటే ముందే నల్లబడతాయి. నూనెలో వేసిన అరిసె పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, గరిటె తగిలితే విడిపోతుంది. మూకుడు అడుగున పేరుకున్న నల్లటి చూర్ణాన్ని ‘డీకన్‌స్ట్రక్టెడ్ అరిసె’ అని వడ్డించండి. హైటెక్ సిటీ వైపు రెస్టారెంట్లలో అలాంటి పేర్లు చెల్లుబాటవుతున్నాయి.

పరమాన్నం విషయంలో మాత్రం ఒక ప్రమాదం పొంచి ఉంది, జాగ్రత్త. సంభాషణ ఇలా నడుస్తుంది.

‘ఏమ్మా, బెల్లం గానీ మాడిందా?’

‘కాదత్తయ్యా, ఖర్జూర పాకం వేశాను. ఇందులో పంచదార లేదు, బెల్లం లేదు.’

‘అలాగా. మరి ఇంత తియ్యగా ఎందుకుందే?’

ఈ ప్రశ్నకు జవాబు ఈ వ్యాసంలో లేదు. అసలు ఎక్కడా లేదు. ‘ఇంకొంచెం నెయ్యి వేయనా అత్తయ్యా’ అని మాట మార్చడమొక్కటే దారి.

రక్తం పడుతుందని చెప్పండి

ఖర్జూరం అనగానే అందరూ అనే మాట: ఐరన్. దీన్ని గట్టిగా పట్టుకోండి. వంద గ్రాముల మెజూల్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, 0.9 దగ్గర ఆగుతుంది. మన దేశంలో ఎదిగిన ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ 2020 పట్టికలో ఉంది. ఆ పట్టికలు తయారుచేసేది ఎవరో కాదు, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థే. లెక్కవేస్తే రోజుకు మూడు కిలోలకు పైగా ఖర్జూరం తినాలి. రక్తహీనత ఉన్న కోడలికి డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మాన్పించి, రోజూ ఒక చెంచా పాకం నాకించండి. హిమోగ్లోబిన్ పరీక్ష మళ్లీ వచ్చే ఏడాది చేయించవచ్చు, తొందరేముంది.

చంటిపిల్లల పాలసీసాలో కూడా వేయండి. రెండేళ్లు నిండేదాకా విడిగా తీపి కలిపి పెట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు, కానీ ఇది పండు కదా. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే అలవాటు కూడా చేస్తే, పాలపళ్లు పుచ్చిపోవడానికి పంచదారతో పనేలేదు.

ఇక ఇంట్లో షుగర్ ఉన్న మామగారు. మన కృషి అంతా ఆయనకోసమే కదా. ఖర్జూరం గ్లైసిమిక్ ఇండెక్స్ మరీ ఎక్కువేమీ కాదని ఆయనకు చదివి వినిపించండి. చాలా రకాలకు అది నిజమే. ఆ అంకె నమిలి తినే పండుదని, అదీ కొలిచి ఇచ్చిన కొద్ది పండ్లదని, పిప్పి తీసేసి మరిగించి దోసె మీద గరిటెతో పోసుకునే పాకానిది కాదని చెప్పకండి. ఒక్క మెజూల్ పండులో తీపి 16 గ్రాములు, అంటే నాలుగు చెంచాల పంచదార. ఆ మాట కూడా ఎత్తకండి. ఆయనకు కిడ్నీ ఇబ్బంది ఉండి, పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మరీ మంచిది. వంద గ్రాముల మెజూల్‌లో అది 700 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, ఒకే సీసాతో రెండు వ్యాధుల్నీ చూసుకోవచ్చు.

ముప్పై ఏళ్లుగా టీలో పంచదార లేకుండా తాగుతున్న మనిషి ఆయన. ‘తినండి మామయ్యా, ఇది పండే’ అని మీరు గిన్నె ముందు పెట్టగానే ఆయన కళ్లలో వెలుగు చూడండి. రెండో గరిటె ఆయనే అడుగుతారు. రెండు గంటల తర్వాత వేలికొన గుచ్చి చూస్తే గ్లూకోమీటరు ఒక అంకె చూపిస్తుంది. అది రక్తంలో గ్లూకోజు ఎంతుందో మాత్రమే చెబుతుంది, చెరకు నుంచి వచ్చిందా ఖర్జూరం నుంచి వచ్చిందా అని విడదీసి చూపే బొత్తం దానికి లేదు.

మీటరు పాడైందని అనుమానం వస్తుంది, ఇంకోసారి గుచ్చుతారు, ఇంకో స్ట్రిప్పు ఖర్చవుతుంది. స్ట్రిప్పుల డబ్బా కొనేటప్పుడు గడువు తేదీ చూసి కొనండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాకం సీసా కూడా వెంట తీసుకెళ్లండి.